మేడ మీద కలుద్దాం

జూన్ 5

మేడ మీది మనిషి ఇవాళ ఎర్ర బ్యాగుతో దిగింది.

ఎదురుపడితే అక్కా అంటాను. తోడికోడలు కదా, అనక తప్పదు. ఇక్కడ మాత్రం నా ఇష్టం. కింది వాటా మాది, పై వాటా వాళ్ళది, ఈ డైరీ నాది.

మా ఆయన డిపో నుంచి వచ్చి ఇంకా చేతులకున్న గ్రీజు కూడా కడుక్కోలేదు. అత్తయ్య మోకాలికి మందు రాసుకుంటోంది. మా అమ్మాయి పిచ్చుక సెలవుల హోంవర్కు చేస్తున్నట్టు నటిస్తోంది. అందరినీ చుట్టూ కూర్చోబెట్టి ఆవిడ బ్యాగు విప్పింది. టార్చి, బ్యాటరీలు, నీళ్ళ సీసాలు, బిస్కెట్లు, అత్తయ్య బీపీ మాత్రలు, ప్లాస్టిక్ కవరులో ఇంటి కాగితాలు. మందుల షాపులో పనిచేసే మనిషి కదా, ఏది తీసినా కౌంటరు మీద పెట్టినట్టే పెడుతుంది.

“పోయినేడు కాలువ పొంగినప్పుడు చేతికందింది పట్టుకుని పరిగెత్తాం. ఈసారి అట్లా కుదరదు” అంది.

“వదినా, బుర్రంటే మీదే!” అన్నారు మా ఆయన. నాకూ ఒక బుర్ర ఉందని ఈయనకి పెళ్ళినాటి నుంచీ తట్టనేలేదు.

“పెద్దది ఇంట్లో ఉంటే నాకదో ధైర్యం” అంది అత్తయ్య. చిన్నది అక్కడే కూర్చుని ఉంది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇంతకీ ఆ బ్యాగు కుట్టిందెవరు? రెక్సిన్ ముక్క నాది. జిప్పు వేసింది నేను. పట్టీలకి నాలుగు వరసల కుట్టు వేసి, సూది విరిగితే మార్చి మరీ కుట్టింది నేను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మనకై మనం చెప్పుకుంటే మెచ్చుకోమని అడుక్కున్నట్టుంటుంది.

చివర్లో అందరి మెళ్ళోనూ తలా ఒక విజిల్ వేసింది. “ఏం జరిగినా సరే, మూడుసార్లు ఊదుతాను. వినపడగానే ఎక్కడి వాళ్ళం అక్కడ వదిలేసి మేడ మీద కలుద్దాం” అంది.

అదీ అసలు సంగతి. మేడ మీద! ఊరు మునిగినా దర్బారు మాత్రం ఆవిడ ముందుగదిలోనే జరగాలి. మేమందరం తడిసిన బట్టలతో వెళ్ళి ఆవిడ సోఫా పక్కన నిలబడాలి.

నా విజిల్ మేకుకి తగిలించేశాను.

జూన్ 7

మబ్బు పట్టింది. కర్టెన్ కుట్టు వంకర పోయింది. విప్పి కుట్టాను. మళ్ళీ వంకర.

జూన్ 8

కుళ్ళు అంటే కుళ్ళే. నాకు నేను అబద్ధం చెప్పుకోను.

పోయినేడు కాలువ గట్టు తెగిన రోజున నేను వంతెన అవతల లాడ్జీలో కర్టెన్లు తగిలిస్తున్నాను. వంతెన మూసేశారు. ఎవరెవరి కాళ్ళో పట్టుకుని, చుట్టూ తిరిగి, మోకాళ్ళలోతు నీళ్ళలో ఇల్లు చేరేసరికి పిచ్చుక మేడ మీద ఉంది. ఆవిడ ఒళ్ళో పడుకుని ఉంది. హాస్టల్లో చదివే వాళ్ళబ్బాయి పాత చొక్కా ఒకటి తొడిగింది. నేను చెయ్యి చాపితే ఆవిడ నోటిమీద వేలేసుకుని, “లేపకు చెల్లీ, ఇప్పుడే కళ్ళు మూసింది” అంది.

నా కూతుర్ని లేపొద్దని నాకే చెప్పింది.

మంచి చేసింది, కాదన్ను. చంకనెత్తుకుని నీళ్ళలోంచి తీసుకెళ్ళింది, కాదన్ను. కానీ ఆ రోజు నుంచీ ఉరుము ఉరిమితే పిచ్చుక చెవులు మూసుకుని మెట్లెక్కుతుంది. నేను మిషన్ తొక్కుతూనే చేతులు చాపుతాను. వాటి పక్కనుంచే తుర్రుమంటుంది. పిచ్చుక అని ఏ ముహూర్తాన పేరు పెట్టామో!

పైనుంచి ఆవిడ గొంతు వినిపిస్తుంది. “రా తల్లీ, నేనున్నాగా.”

నాకు కావలసింది పెద్దదేం కాదు. ఒక్కసారి, ఒక్క ఉరుముకి, ఆ పిల్ల నా దగ్గరికి రావాలి.

నాకూ భయమేనని ఆ పిల్లకి తెలుసేమో. మబ్బు కమ్మితే మిషన్ ముందు కూర్చుంటాను. తొక్కుడు ఆపను. ఆపితే ఉరుము వినపడుతుంది.

జూన్ 14, ఆదివారం

ఇవాళ మేడ మీది మనిషి రిహార్సల్ పెట్టింది. విజిల్ ఊదితే ఎవరు ఎంతసేపట్లో చేరతారో చూస్తుందట.

క్లినిక్ వాళ్ళ కిటికీల కొలతలు తీసుకోవాలని చెప్పి, పిచ్చుకని వెంటేసుకుని బయటపడ్డాను. క్లినిక్ ఆదివారం మూసి ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. బయటినుంచే కొలతలు తీశాను. పిచ్చుక టేపు పట్టుకుంది. దారిపొడుగునా ముఖం ముడుచుకుని, “పెద్దమ్మ నన్ను లీడర్ చేస్తానంది” అని సణిగింది.

ఇంటికొచ్చేసరికి బావగారూ మా ఆయనా చెమటలు కక్కుతూ నవ్వుకుంటున్నారు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పని మినహాయింపు ఇచ్చిందట, కుర్చీలో కూర్చుని చూసిందట.

“నువ్వు రావాల్సింది. మేడ మీద గాలి ఎంత బావుందో!” అన్నారు ఈయన.

బావుండదా మరి? అన్ని వైపులా కిటికీలు పెట్టించుకున్నారు. మాకేమో వెనకగది తలుపు వానాకాలం వస్తే ఉబ్బి మూసుకుపోతుంది. పిడి పైకెత్తి, కింది మూల మడమతో ఒక్క తన్ను తంతే గానీ రాదు. ఆ కిటుకు నాకొక్కదానికే వచ్చు. దీనికి మాత్రం బుర్ర ఉందని ఎవరూ అనరు.

జూన్ 19

పసుపు రంగు రెక్సిన్ మిగిలింది. వృథా ఎందుకని ఒక బ్యాగు మొదలుపెట్టాను. ఎవరితోనో పోటీకి కాదు.

ఎర్రదానికి ఒకే అర ఉంది. టార్చి కావాలంటే అడుగునుంచి చెయ్యి పెట్టి కెలకాలి. నాదానికి బయట మూడు జేబులు, ఒక్కోటి ఒక్కో బట్టతో. చీకట్లో తడిమినా వెల్వెట్ తగిలితే టార్చి, గరుకు కాన్వాసు తగిలితే మందులు, నున్నటి శాటిన్ తగిలితే నీళ్ళు. ఇది ఆవిడకి తట్టిందా? తట్టలేదు.

ఇవాళ కరెంటు మెయిన్ ఎక్కడ కట్టెయ్యాలో ఈయన్ని అడిగి తెలుసుకున్నాను. గ్యాస్ సిలిండర్ నాబ్ ఎటు తిప్పాలో కూడా. “ఏమిటివాళ, ఇంజినీరువయిపోతున్నావు?” అన్నారు. ఊరికే అన్నాను.

కర్టెన్లు కట్టే పురికొసలు మూడు పేటలుగా అల్లి తాడు చేశాను. దానికీ పోటీకీ ఏం సంబంధం లేదు. పురికొసలు ఉన్నాయి, అల్లాను.

జూన్ 23

మేడ మీది మనిషి టార్పాలిన్ తెచ్చి మిషన్ పక్కన పడేసింది. “చెల్లీ, రెండు ముక్కలూ కలిపి కుట్టిపెట్టవూ? మేడ మీద కట్టాలి. వానొస్తే తడవకుండా ఉంటుంది.”

బాల్కనీకి పందిరి కావలసి వచ్చిందన్నమాట. పూలకుండీలు తడిసిపోతాయి కామోసు. మేం కింద బురదలో ఉంటే ఆవిడ పైన నీడలో కూర్చుని మందులషాపు కబుర్లు చెబుతుంది.

“దేనికక్కా?” అని ఒక్కమాట అడిగితే సరిపోను. అడగలేదు. ఆవిడ ముందు నాకు తెలియనిది ఒకటుందని ఎందుకు ఒప్పుకోవాలి?

ఒంటి కుట్టు వేసి, అట్లాగే ఇచ్చేద్దామని పక్కన పెట్టాను. ఒంటి కుట్టులోంచి నీళ్ళు కారతాయి. కారనీ.

జూన్ 24

ఆ కుట్టు విప్పేశాను. మడత పెట్టి, జంట కుట్టు వేసి, పైన మైనం రాశాను. మనసు మారి కాదు. ఊడితే పరువు పోయేది నాది.

జూలై 2

పసుపు బ్యాగు పిచ్చుకకి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

“పెద్దమ్మ బ్యాగులో విజిల్ ఉంది. దీన్లో లేదు.”

తల కొట్టేసినట్టయింది. మేకుకి వేలాడుతున్న నా విజిల్ తీసుకొచ్చి వేశాను. పిల్ల ముఖం వెలిగింది. “ఇది నాదా?”

“ఎవరికి కుట్టాననుకున్నావ్ మరి?”

తర్వాత కళ్ళు మూసుకుని జేబులు తడిమే ఆట ఆడాం. వెల్వెట్! టార్చి! కాన్వాసు! మాత్రలు! అత్తయ్య కూడా మంచం మీంచి చెయ్యి చాపి ఒక వంతు ఆడింది. ఆవిడ శాటిన్‌ని వెల్వెట్ అంది, పిచ్చుక పడీపడీ నవ్వింది. కళ్ళు మూసుకుని గోడ పట్టుకుని మెయిన్ దాకా నడవడం నేర్పాను. అదే నాకు నేర్పినట్టుంది నిజానికి.

సాయంత్రం ఉరిమింది. పిల్ల మెట్లెక్కింది. బ్యాగు మాత్రం వెంట తీసుకెళ్ళింది.

కొంచెం నయం.

జూలై 8

పొద్దున్నుంచీ మబ్బేనట, మా ఆయన చెబితే తెలిసింది. క్లినిక్ కర్టెన్లు ఇవాళే పూర్తిచేశాను. కుట్టు ఎక్కడా వంకర పోలేదు.

జూలై 12

నిన్న రాయడానికి చేతులు రాలేదు. ఇవాళ రాస్తాను, ఉన్నది ఉన్నట్టు.

మధ్యాహ్నం. మగవాళ్ళిద్దరూ పనుల్లో ఉన్నారు. వాన మూలాన బడి మూసేశారు. మొదట బాత్రూం తూములోంచి గుడగుడమని చప్పుడొచ్చింది. వెళ్ళి చూస్తే నీళ్ళు కిందికి పోవడం లేదు, పైకి వస్తున్నాయి. ఆ చప్పుడు నాకు తెలుసు.

చేతులు వాటంతటవే కదిలాయి. మెయిన్ కట్టేశాను. గ్యాస్ తిప్పేశాను. మిషన్ తల విప్పి అటకెక్కించాను. పసుపు బ్యాగు భుజానికి, తాడు నడుముకి, అత్తయ్య రెక్క ఒక చేత్తో, పిచ్చుక చెయ్యి ఒక చేత్తో. గుమ్మం దాటుతుంటే పైనుంచి విజిల్ మూడుసార్లు వినిపించింది.

ఇంటి ముందు మెట్లెక్కాం. అత్తయ్య ఒక్కో మెట్టుకీ ఒక్కో దేవుణ్ణి పిలిచింది. ఎక్కి చూస్తే ఆవిడ వాటా తలుపు వేసి ఉంది. కొట్టాను. పలకలేదు. రెండు చేతులతో బాదాను. లోపల అలికిడే లేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. మేడ మీద కలుద్దాం అన్న మనిషి మేడ తలుపు వేసుకుని కూర్చుంటుందా?

“తలుపేసుకుంది, చూశారా అత్తయ్యా?” అన్నాను.

“పెద్దది అట్లా చెయ్యదే” అంది అత్తయ్య. అప్పుడు కూడా!

పిచ్చుక మెడలో విజిల్ తీసి ఊదింది. జవాబు వచ్చింది. అయితే తలుపు వెనకనుంచి కాదు, పైనుంచీ కాదు. కిందనుంచి. మా ఇంట్లోంచి.

“అమ్మా, పెద్దమ్మ మనింట్లో ఉంది” అంది పిచ్చుక.

కిందికి తొంగిచూశాను. మా గుమ్మం సగం మునిగింది. మళ్ళీ విజిల్, సన్నగా. వెనకగదిలోంచి. ఆ తలుపు! లోపలికి వెళ్ళి ఉంటుంది, వెనకనుంచి నీళ్ళ తోపుకి తలుపు మూసుకుపోయి ఉంటుంది. ఆ పిడి ఎత్తాలని ఆవిడకి తెలియదు.

ఒక్క క్షణం నాలో ఏదో అంది, ఉండనీ అని. రాసేశాను. కొట్టెయ్యను.

తాడు కొస మెట్ల కమ్మీకి కట్టి, రెండో కొస నా నడుముకి బిగించుకున్నాను. అప్పుడు ఉరిమింది. ఇల్లదిరిపోయేలా ఉరిమింది. పిచ్చుక రెండు చేతులతో నన్ను చుట్టేసింది. ముఖం నా పొట్టలో దాచుకుని, “అమ్మా వెళ్ళకు, అమ్మా వెళ్ళకు” అని ఏడ్చింది.

ఏడాదిగా దేనికోసం చూశానో అది వచ్చింది. నేనే ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను.

“నానమ్మ చెయ్యి వదలకు. బ్యాగు నీ దగ్గర పెట్టుకో. వెళ్ళొస్తాను.”

నీళ్ళు తొడల దాకా వచ్చాయి. చల్లగా, మందంగా ఉన్నాయి. మంచం తేలుతోంది, అడ్డం తోశాను. గోడ తడుముకుంటూ వెళ్ళాను, కళ్ళు మూసుకున్నా దారి తెలుసు. భయం వేసింది. కాళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. పిడి పట్టి పైకెత్తాను. నీళ్ళలో మడమకి ఊపు రాదు. తన్నాను. రాలేదు. మళ్ళీ తన్నాను. ఊడివచ్చింది.

నా స్టూలు మీద నిలబడి ఉంది ఆవిడ. ఒక చేతిలో టార్చి, ఇంకో చెయ్యి కిటికీ ఊచకి. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

“పిచ్చుక దొరకలేదు చెల్లీ” అంది కళ్ళు తెరవకుండానే. “మంచం కింద చూశాను. బీరువా వెనక చూశాను. దొరకలేదు.”

“పిచ్చుక పైనుంది. మీ తలుపు ముందు.”

కళ్ళు తెరిచింది. “మా తలుపు ముందెందుకుంది? మేడ మీద అన్నాను కదా!”

“మేడ మీదికే కదా మేం వచ్చింది! తలుపేసుకున్నది మీరు!”

“మేడ మీదంటే మా ఇల్లేంటి? పైన! ట్యాంకు దగ్గర! అక్కడైతే పడవ వాళ్ళకి కనపడతామని. అక్కడ నిలబడి ఎంతసేపు చూశాననుకున్నావు? మీరు రాకపోతే వెనక ఇనపమెట్ల మీంచి మీ పెరట్లోకి దిగి లోపలికొచ్చాను.”

“దాన్ని డాబా అంటారు!”

“నేను పుట్టినప్పట్నుంచీ మేడ అనే అంటాను!”

తొడల్లోతు నీళ్ళలో నిలబడి ఇద్దరం మేడ అంటే ఏమిటో తగువు పడ్డాం. కింద ఉన్నవాళ్ళకి మేడ అంటే పైవాళ్ళ ఇల్లు. మేడలో ఉన్నవాళ్ళకి మేడ అంటే ఇంటి పైకప్పు. ఇన్నేళ్ళూ ఒకే మాట అంటూ వేరే చోట్లు చూపించుకున్నాం. ఆదివారం నేను రిహార్సల్‌కి వెళ్ళి ఉంటే ఆ రోజే తెలిసేది. మేడ మీద గాలి బావుందని ఈయన అన్నప్పుడైనా తెలియాల్సింది.

తాడు ఆవిడ నడుముకి కూడా చుట్టాను. నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడం కాదు, గోళ్ళు దింపింది. ఎర్రగా ఆ గుర్తులు ఇంకా ఉన్నాయి.

ఆవిడ తాళంచెవితో తలుపు తీసి, వాళ్ళ బాల్కనీలోంచి ఇనపమెట్లెక్కి, అత్తయ్యని ముందునుంచి ఒకరం లాగి, వెనకనుంచి ఒకరం తోసి డాబా చేర్చాం. అక్కడ, ట్యాంకుకీ కమ్మీకీ మధ్య కట్టి ఉంది నా టార్పాలిన్. ఏ పూలకుండీలకీ కాదు. కింద అయిదుగురం, ఆరుగురం పట్టే చోటు.

వాన దంచి కొట్టింది. కుట్టులోంచి ఒక్క చుక్క కారలేదు. పైకి చూస్తూ కూర్చున్నాను. ఆ ఒంటి కుట్టు విప్పకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు.

పొద్దుగూకకుండానే నీళ్ళు తగ్గడం మొదలెట్టాయి. మగవాళ్ళిద్దరూ తాళ్ళు పట్టుకుని వీధి దాటి వచ్చారు. మా ఆయన నా నడుముకున్న తాడు ముట్టుకుని చూసి, “ఇదెవరు అల్లారు?” అన్నారు.

“నేనే” అన్నాను. ఈసారి చెప్పాను.

జూలై 13

బురద.

జూలై 15

ఇవాళా బురదే. ఆవిడ సెలవు పెట్టి కిందే ఉంది, నాతో పాటు నేల కడుగుతూ. గుడ్డ పిండుతూ ఉన్నట్టుండి అంది.

“నిన్ను చూస్తే నాకు కుళ్ళుగా ఉండేది చెల్లీ.”

నేను చీపురు గోడకి ఆనించాను.

“ఉరిమితే నీ మిషన్ చప్పుడు ఇంకా జోరుగా వినపడేది. దీనికి భయమనేదే లేదా అనుకునేదాన్ని. నేనేమో పైన చేతులు వణికి, బ్యాగు విప్పి సర్ది, విప్పి సర్ది చచ్చేదాన్ని. పిచ్చుక వస్తే కాస్త కుదుటపడేదాన్ని. పిల్ల ముందు వణకలేం కదా.”

అంటే ఆ “రా తల్లీ” పిల్ల కోసం అన్నది కాదన్నమాట.

ఉరుము వినపడకూడదనే తొక్కేదాన్నని ఆవిడకి చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. చీపురందుకుని మళ్ళీ ఊడవడం మొదలెట్టాను. ఒకరు నన్ను చూసి కుళ్ళుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో! కొన్నాళ్ళు ఉండనీ, తర్వాత చెబుతాను.

పిచ్చుక ఇనపమెట్ల దగ్గర సుద్దముక్కతో “డాబా” అని రాసి బాణం గీసింది. మేడ అనే మాట ఈ ఇంట్లో ఎవరూ పలకకూడదట. పలికితే గుంజీళ్ళు.

జూలై 20

పిల్లకి బడి లేదు. నేనూ అక్కా మా ముందుగదిలో కూర్చుని రెండు బ్యాగులూ విప్పి ఎండబెట్టిన సామాను సర్దుతున్నాం. ఎర్రదానికి కూడా బయట జేబులు వేసిపెట్టమంది. వేస్తానన్నాను. నాదానికి వేసినంత బాగా వెయ్యాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను.

పిచ్చుక కిటికీ కింద బోర్లా పడుకుని బొమ్మలు గీస్తోంది.

ఉరిమింది.

నేను చేతులు చాపాను. పక్కకి చూస్తే అక్క కూడా చాపింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం, ఎవరమూ చేతులు దించలేదు.

పిచ్చుక లేచింది. ఇద్దరి మధ్యలోంచి నడిచి పసుపు బ్యాగు దగ్గర కూర్చుంది. వెల్వెట్ జేబులోంచి టార్చి తీసి, వెలిగించి, ఆర్పింది. విజిల్ ఉందో లేదో చూసుకుంది. జిప్పు చివరిదాకా లాగింది. మళ్ళీ కిటికీ కిందికి వెళ్ళి బొమ్మకి రంగు వేసుకోసాగింది. చెవులు కూడా మూసుకోలేదు.

మా చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

ఆ బ్యాగు కుట్టింది నేనే కదా అని మనసుకి నచ్చజెప్పుకున్నాను. లాభం లేకపోయింది. ఆ బ్యాగుని చూస్తుంటే ఒళ్ళు మండింది. అక్క ముఖమూ మాడిపోయి ఉంది. ఆవిడా దాని వైపే చూస్తోంది.